చైనాలో రాత్రిపూట బయటికెళ్ళే మన పిల్లలకి నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. చైనాకి డాక్టర్ చదువుకి వెళ్తున్న పిల్లలకీ, వాళ్ళ పేరెంట్స్‌కీ పెట్టిన మీటింగ్ ఇది. వెనకాల నిలబడ్డ పేరెంట్స్ ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అడ్మిషన్, ఫీజు, వీసా సంగతులు ఇందాక సార్ చెప్పేశారు కాబట్టి నేను ఆ జోలికి పోను. నాకిచ్చింది రాత్రిపూట బయటికెళ్ళే విషయం. మా పిల్లలు అలాంటివాళ్ళు కాదండీ అని కొంతమంది అంటారు, నేను కాదనను. కానీ పద్దెనిమిదేళ్ళకి ఇల్లు వదిలి అయిదారేళ్ళు వేరే దేశంలో ఉండే పిల్లలు ఒక్క బర్త్‌డే పార్టీకి కూడా వెళ్ళరు అనుకోవడం అయ్యే పని కాదు, ఎలాగూ వెళ్తారు కాబట్టి తెలుసుకుని వెళ్ళనివ్వండి.

ముందు ధైర్యం కోసం ఒక మాట. చైనా సిటీల్లో రాత్రి రోడ్డు మీద నడవడం చాలావరకు సేఫే. నేను చదివిన వూహాన్‌లో రాత్రి పన్నెండింటికి కూడా రోడ్డు పక్కన బొగ్గుల మీద మాంసం పుల్లలు కాలుస్తూ జనం ఉంటారు, అమ్మాయిలు ఒంటరిగా ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోతుంటారు, ఎటు చూసినా కెమెరాలే. అస్సలేమీ జరగదని కాదు. 2022 జూన్‌లో తాంగ్‌షాన్ అనే ఊళ్ళో తెల్లవారుజామున ఒక బార్బెక్యూ హోటల్లో ఒకడు ఒక అమ్మాయి మీద చెయ్యి వేస్తే ఆమె తోసేసింది, అంతే, వాడూ వాడితో ఉన్నవాళ్ళూ కలిసి ఆ అమ్మాయిల్ని బయటికి లాగి మరీ కొట్టారు, ఆ వీడియో చూసి దేశమంతా అట్టుడికిపోయింది, మెయిన్ ముద్దాయికి 24 ఏళ్ళ జైలు పడింది. కానీ మనలాంటి ఫారినర్స్‌కి ఎక్కువగా వచ్చే కష్టం రోడ్డు మీద రాదు. లోపల, మనం కూర్చున్న టేబుల్ దగ్గరే వస్తుంది. బిల్లు రూపంలోనో, గ్లాసు రూపంలోనో, గొడవ రూపంలోనో.

బిల్లు సంగతి ముందు చెప్తా. షాంఘైలో నాన్‌జింగ్ రోడ్డు, బీజింగ్‌లో వాంగ్‌ఫూజింగ్, ఇవి టూరిస్టులు తిరిగే ఏరియాలు. ఇద్దరమ్మాయిలు నవ్వుతూ పలకరిస్తారు, మేం వేరే ఊరి స్టూడెంట్స్‌మి, ఇంగ్లీషు ప్రాక్టీస్ చేసుకోవాలి, పక్కనే టీ హౌస్ ఉంది రండి అంటారు. చిన్న చిన్న కప్పుల్లో నాలుగైదు రకాల టీ రుచి చూపిస్తారు, చివర్లో వందలు వేలు యువాన్ల బిల్లు. అదే ఆట బార్‌లో కూడా ఆడతారు, డేటింగ్ యాప్‌లో పరిచయమైన మనిషి తనకి తెలిసిన బార్‌కే పోదాం అని పట్టుబడితే అక్కడే ఆగిపోండి, ఆ మనిషికి ఆ బిల్లులో కమిషన్ ఉండి ఉంటుంది. ప్లేస్ మీరు చెప్పండి, ఒప్పుకోకపోతే వదిలేయండి. రేటు రాసున్న మెనూ చూడకుండా ఏ బాటిలూ తెరవనివ్వొద్దు, ఫ్రూట్ ప్లేట్ తెచ్చి పెట్టినా ఇది ఫ్రీనా అని అడగండి, టేబుల్‌కి మినిమమ్ ఎంత ఖర్చు పెట్టాలో కూడా ముందే అడగండి. ఇరుక్కుపోతే అరవకండి, వాళ్ళ ముందే పోలీస్ నంబర్ 110కి ఫోన్ చెయ్యండి, చాలాసార్లు పోలీస్ పేరు వినగానే బిల్లు తగ్గుతుంది. మనుషులు అడ్డంగా నిలబడి బెదిరిస్తుంటే మాత్రం కట్టేసి బయటపడండి, క్యాష్ కాకుండా ఫోన్లో డబ్బు కట్టే యాప్‌లు వీచాట్‌లోనో అలీపేలోనో కట్టండి, డబ్బు ఎవరికి వెళ్ళిందో రికార్డు ఉంటుంది, ఫాప్యావ్ అంటే అఫీషియల్ రసీదు అడగండి, అవి పట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్ళండి, కన్స్యూమర్ కంప్లైంట్‌కి 12315 కూడా ఉంది.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాలనుకున్నది. కాలేజీలో చేరిన కొన్నాళ్ళకే ఎవరో మిమ్మల్ని ఒక వీచాట్ గ్రూపులో యాడ్ చేస్తారు, మన వాట్సాప్ గ్రూపు లాంటిదే, ఫారిన్ స్టూడెంట్స్‌కి క్లబ్ ఎంట్రీ ఫ్రీ, డ్రింక్స్ ఫ్రీ అని. ఫారినర్స్ కనిపిస్తే క్లబ్‌కి డిమాండ్ పెరుగుతుందని ప్రమోటర్లు చేసే పని అది. టేబుల్ నిండా విస్కీలో గ్రీన్ టీ కలిపిన జగ్గులు, ఐస్ బకెట్, పాచికల డబ్బాలు. ఓడినవాడు తాగాలి, గన్‌బే అంటే గ్లాసు ఖాళీ చెయ్యాలి. గ్లాసులు చిన్నవే, అందుకే ఎంత తాగామో లెక్క తెలీదు. ఆ ఫ్రీ బాటిల్లో ఏముందో మీకూ తెలీదు, పోసేవాడికీ తెలీకపోవచ్చు.

మీరంతా డాక్టర్లు కాబోతున్నారు కాబట్టి ఇది డాక్టర్‌గానే చెప్తా. నకిలీ మద్యంలో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ ఉంటే తాగిన వెంటనే ఏమీ తెలీదు. మామూలు మత్తులాగే ఉంటుంది, పడుకుంటారు. లివర్ దాన్ని మెల్లగా ఫార్మిక్ యాసిడ్‌గా మారుస్తుంది, అది కంటి నరాన్ని తినేస్తుంది. పన్నెండు గంటలకో ఇరవై నాలుగు గంటలకో కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, కళ్ళముందు మంచు పట్టినట్టు మసక. మా హాస్టల్లో ఒకబ్బాయి మధ్యాహ్నం నిద్రలేచి కర్టెన్ తియ్యండ్రా చీకటిగా ఉంది అన్నాడు. కర్టెన్ తీసే ఉంది. హ్యాంగోవర్ అని పక్కవాళ్ళు నిమ్మరసం ఇవ్వబోతుంటే మా సీనియర్ అక్క వాళ్ళని కసిరి వాణ్ణి నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది, డయాలసిస్ చేశారు, టైముకి వెళ్ళాడు కాబట్టి చూపు దక్కింది. దీనికి ఫోమెపిజోల్ అనే విరుగుడు ఉంది, డయాలసిస్ ఉంది, కానీ ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదు. మందు తాగిన మర్నాడు చూపు మసకగా ఉందని ఎవరన్నా అంటే టిఫిన్ కూడా పెట్టకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. అంబులెన్స్ 120, దానికి డబ్బులు తీసుకుంటారు, హాస్పిటల్లో కూడా ముందు డిపాజిట్ కట్టమంటారు, అందుకని ఫోన్లో కొంత డబ్బు ఎప్పుడూ కదపకుండా ఉంచుకోండి.

ఇంకో విషయం, అదే ప్రమోటర్ తర్వాత స్టేజీ మీద డాన్స్ చెయ్యి, ఊరికే కూర్చో, రాత్రికి ఇంత ఇస్తాం అంటాడు. స్టూడెంట్ వీసా మీద పర్మిషన్ లేకుండా డబ్బు తీసుకుంటే అది అక్రమంగా పనిచెయ్యడం కిందికే వస్తుంది. 5,000 నుంచి 20,000 యువాన్ల దాకా ఫైన్, సీరియస్ అయితే 5 నుంచి 15 రోజుల కస్టడీ. రైడ్ పడినప్పుడు ప్రమోటర్ మీ పక్కన ఉండడు.

డ్రగ్స్ గురించి ఎక్కువ చెప్పను, చెప్పింది మాత్రం గుర్తుపెట్టుకోండి. పోలీసులు బార్ తలుపులు మూసి లోపల ఉన్న అందరికీ యూరిన్ టెస్ట్ చేస్తారు, వెంట్రుకలు కూడా తీసుకుంటారు. వెంట్రుకల్లో నెలల కిందటిది కూడా బయటపడుతుంది. సెలవులకి థాయిలాండ్ వెళ్ళి అక్కడ గంజాయి తాగి వచ్చి పాజిటివ్ వచ్చినా, అక్కడ తాగాను అనే మాట పనికిరాదు. వాడినందుకే పది పదిహేను రోజులు లోపల ఉండాలి, తర్వాత దేశం నుంచి పంపించేయొచ్చు. అమ్మడం, తీసుకురావడం అయితే హెరాయిన్ 50 గ్రాములు దాటితే మరణశిక్ష దాకా చట్టంలో ఉంది, 2009లో ఒక బ్రిటన్ పౌరుణ్ణి అలాంటి కేసులోనే ఉరుంచీ అనే ఊళ్ళో మరణశిక్ష వేసి చంపేశారు, బ్రిటన్ ప్రభుత్వం అడిగినా ఆగలేదు. ఎవరి బ్యాగూ మొయ్యొద్దు, ఎవరి సిగరెట్టూ అందుకోవద్దు.

గొడవల సంగతి అబ్బాయిలు బాగా వినాలి. మన దగ్గర రెండు తోసుకోవడాలు అయ్యాక పెద్దలొచ్చి సర్ది పంపించేస్తారు. అక్కడ ఇద్దరూ చెయ్యి చేసుకుంటే ఇద్దరిదీ తప్పే అని చూడటం ఎక్కువ, ముందు వాడే కొట్టాడు సార్ అంటే సరిపోదు. స్టేషన్‌లో ఎదుటివాడి మెడికల్ రిపోర్టు చూస్తారు. దెబ్బ చిన్నదైతే నష్టపరిహారం మాట్లాడుకోమంటారు, కుదరకపోతే 5 నుంచి 10 రోజుల కస్టడీ పడొచ్చు, దెబ్బ పెద్దదని డాక్టరు రాస్తే అది క్రిమినల్ కేసు. ఆ తర్వాత కాలేజీ, వీసా. ఒక్క గుద్దుకి ఇన్నేళ్ళ చదువు, మీ నాన్న పొలం అమ్మి కట్టిన ఫీజు పోతాయి, నాకు నిజంగా బాధేసి చెప్తున్నా. వాడు తిడితే తిట్టనివ్వండి, పక్కోణ్ణి కూడా లాక్కుని బయటికి వచ్చేయండి. స్టేషన్‌కి వెళ్ళాల్సి వస్తే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, అర్థం కాని చైనీస్ కాగితం మీద సంతకం పెట్టొద్దు, బీజింగ్‌లో ఉన్న మన ఎంబసీకో షాంఘై, గ్వాంగ్‌జౌ కాన్సులేట్‌కో చెప్పమనండి.

అమ్మాయిలూ, మీ గ్లాసు వదిలి బాత్రూంకి వెళ్తే తిరిగొచ్చి అది తాగొద్దు, కొత్తది తీసుకోండి. ఇద్దరు వెళ్తే ఇద్దరూ కలిసే రండి. తాగి ఒరిగిపోయిన ఆడపిల్లల్ని తీసుకెళ్ళడానికే క్లబ్బుల బయట కాచుకునేవాళ్ళు ఉంటారు, ఫ్రెండ్ తూలుతుంటే తెలిసినవాడే దింపుతాడులే అని వదిలెయ్యకండి. ఏదైనా జరిగితే అందులో మీ తప్పు ఏమీ లేదు. స్నానం చెయ్యకుండా, బట్టలు ఉతక్కుండా వెంటనే హాస్పిటల్, పోలీస్. డ్రింక్‌లో కలిపే మత్తుమందుల్లో కొన్ని పన్నెండు గంటల్లో మూత్రంలో కూడా దొరకవు, అందుకే తెల్లారాక చూద్దాం అనుకోకూడదు.

ఇంటికి రావడం. మెట్రో చాలా ఊళ్ళల్లో పదకొండు, పదకొండున్నరకి అయిపోతుంది. తర్వాత డీడీ బుక్ చేసుకోండి, మన ఓలా, ఊబర్ లాంటి క్యాబ్ యాప్ అది. 2018లో డీడీ షేరింగ్ కార్లలో ఇద్దరు ఆడవాళ్ళు హత్యకి గురయ్యాక యాప్‌లో సేఫ్టీ ఫీచర్లు బాగా పెంచారు, ట్రిప్ షేర్ చెయ్యొచ్చు, పోలీస్ బటన్ ఉంది. నంబర్ ప్లేటు సరిచూసుకున్నాకే ఎక్కండి, క్లబ్ బయట నిలబడి పిలిచే కార్లు వద్దే వద్దు. మందు తాగి బండి ముట్టుకోవద్దు, వంద ఎంఎల్ రక్తంలో 20 మిల్లీగ్రాముల ఆల్కహాల్‌కే కేసు, 80 దాటితే నేరం.

పాస్‌పోర్ట్ దగ్గర ఉండాలి, పదహారేళ్ళు దాటిన ఫారినర్ ఎవరైనా వెంట పెట్టుకోవాలని చట్టం. ఫ్రెండ్ ఫ్లాట్‌లో రాత్రి ఉండిపోతే 24 గంటల్లో పోలీస్ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, హోటల్ అయితే వాళ్ళే చేస్తారు. వీసా డౌట్లకి 12367, ఇంగ్లీషులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటుంది.

ఇప్పుడు అందరూ ఫోన్లు తియ్యండి. 110, 120, 12367 సేవ్ చెయ్యండి, అక్కడికెళ్ళాక హాస్టల్ అడ్రస్ చైనీస్‌లో రాయించుకుని ఫొటో తీసి లాక్ స్క్రీన్ మీద పెట్టుకోండి. అయ్యాక ప్రశ్నలు తీసుకుంటా, ముందు అమ్మాయిల వైపు నుంచి మైక్ ఇవ్వండి.