హౌజులో చేపకు జబ్బు చేసిందా? మందు సీసా ఇప్పుడే తెరవకండి

నమస్తే అందరికీ. పరకాల నుంచి ఒక తమ్ముడు మొన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు. వాళ్ల పెరట్లో సిమెంటు హౌజు ఉంది. ఎనిమిది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, నీళ్లు రెండున్నర అడుగుల లోతు. అందులో కోయి కార్ప్ అనే రంగు చేపలు కొన్ని, వాటితోపాటు ఊరి చెరువులో చేపలు పట్టినప్పుడు తెచ్చి వేసిన రవ్వ పిల్లలు ఉన్నాయి. ఒక కోయి ఈమధ్య గోడకేసి ఒళ్లు రుద్దుకుంటోందట. ఉన్నట్టుండి నీళ్లలోంచి ఎగిరి పడుతోందట. పొట్ట కింద ఎర్రమచ్చలు కూడా కనిపించాయి. అక్వేరియం షాపులో నీలం మందు ఇచ్చారు. "అన్నా, హౌజంతా పోసెయ్యాలా?" అని అడిగాడు.

తమ్ముడూ, ఆ సీసా ఇంకా తెరవకపోతే అట్లానే పక్కన పెట్టండి. జబ్బేంటో తెలియకుండా మందు పోస్తే చేప ఇంకా నీరసపడుతుంది, మనకు టైం కూడా పోతుంది. ముందు చేపను చూడాలి, తర్వాత నీళ్లను చూడాలి, ఆ తర్వాతే మందు. మీలో చాలామంది ఇట్లాంటి టెన్షన్‌తోనే మెసేజ్‌లు పెడుతున్నారు కాబట్టి ఈరోజు వివరంగా చెప్తాను.

ముందుగా ఒక ప్రశ్న. ఒక్క చేపకే బాగాలేదా, అన్నీ ఒకేసారి అట్లా ఉన్నాయా? తెల్లవారుజామున లేచి చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయనుకోండి, ఎండెక్కే సరికి మామూలుగా తిరుగుతున్నాయనుకోండి, అది జబ్బు కాదు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గింది. పగలు నాచు, మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రి అవి కూడా పీల్చుకుంటాయి. అందుకే సూర్యుడు రాకముందు నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉంటుంది. వానాకాలం నాలుగు రోజులు మబ్బు పట్టినా ఇదే సమస్య. ఎండాకాలం ఇంకా కష్టం. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 35 డిగ్రీల నీళ్లు 7 మిల్లీగ్రాములే పట్టుకుంటాయి. మన వరంగల్ మే నెల ఎండకు లోతు తక్కువ హౌజులో నీళ్లు ఎంత కాగుతాయో మీకు తెలుసు. అప్పుడు కావాల్సింది రాత్రంతా నడిచే గాలి పంపు, పైన కాస్త నీడ. అంతే.

కానీ కొర్రమట్ట విషయంలో ఈ లెక్క పనిచేయదు. అది మన తెలంగాణ రాష్ట్ర చేప. బయటి గాలి పీల్చుకునే చేప. ఆరోగ్యంగా ఉన్నా ఊరికే పైకొచ్చి గుటక వేసి పోతుంది. దాన్ని చూసి కంగారు పడొద్దు. ఇంకో మాట, కొర్రమట్ట దూకి పోతుందని తొట్టిలో నిండా నీళ్లు పోసి, నీళ్లకు ఆనేలా మూత పెట్టేస్తారు కొందరు. పైన గాలి అందకపోతే అది నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. వల కప్పండి, మధ్యలో జానెడు ఖాళీ ఉంచండి.

నీళ్ల సంగతికి వస్తే, ఈమధ్య హౌజు కడిగి నల్లా నీళ్లు నేరుగా నింపారేమో గుర్తు తెచ్చుకోండి. మిషన్ భగీరథ నీళ్లలో క్లోరిన్ కలుపుతారు, మనం తాగడానికి అది కావాలి. చేపల మొప్పలను మాత్రం అదే క్లోరిన్ కాలుస్తుంది. డ్రమ్ములో పట్టి ఒక రోజు మూత లేకుండా ఎండలో పెడితే చాలావరకు పోతుంది. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ, భూమిలోంచి వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ చాలా తక్కువ. పైపును ఎత్తులో పెట్టి, నీళ్లు చిమ్ముతూ పడేలా చేయండి. దాణా ఎక్కువ వేసి, అడుగున కుళ్లిన హౌజులో అమ్మోనియా పెరుగుతుంది. దానికి ఒకటే మార్గం, రోజూ మూడో వంతు నీళ్లు మార్చుతూ దాణా ఆపేయడం. చేప కొన్ని రోజులు తినకపోయినా ఏమీ కాదు. పాపం ఆకలేస్తుందేమోనని వేసే పిడికెడు దాణానే జబ్బు చేపకు ఎక్కువ హాని చేస్తుంది.

నీళ్లు బాగానే ఉండి, ఒకటి రెండు చేపలే గోడకు రుద్దుకుంటుంటే చేపను పట్టి చూడాల్సిందే. మెత్తటి వలతో నెమ్మదిగా పట్టండి. చేతులు తడుపుకోండి, తడి గుడ్డ మీద పడుకోబెట్టండి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీద జిగురు పోతుంది. ఆ జిగురే దాని రక్షణ. మొప్ప రేకు కొంచెం ఎత్తితే లోపల ఎర్రగా ఉండాలి. పాలిపోయి ఉన్నా, గోధుమరంగుకు తిరిగినా మంచిది కాదు. తర్వాత రెక్కల మొదళ్లు, పొట్ట కింద, మొప్పల వెనక భాగం వెలుతురులో చూడండి.

తమ్ముడు నేను చెప్పినట్టే చూసి ఫోటో పంపాడు. రెక్క మొదట్లో పచ్చగా, అద్దంలాగా లోపలంతా కనిపించే గుండ్రటి బిళ్లలు, ఒక్కోటి మెంతిగింజకన్నా కాస్త పెద్దవి. వాటి మీద రెండు నల్ల చుక్కలు, అవి కళ్లు. వేలితో కదిపితే పాకుతాయి. ఇది చేప పేను. దీని శాస్త్రీయ నామం ఆర్గులస్. చేపల చెరువుల రైతులకు బాగా తెలిసిన శత్రువు. రెండు పీల్చుడు గిన్నెలతో చేప ఒంటికి అతుక్కుని, సూదిలాంటి నోటితో గుచ్చి రక్తం పీలుస్తుంది. ఆ గుచ్చిన చోటే ఎర్రమచ్చ. అక్కడి నుంచి బ్యాక్టీరియా, బూజు లోపలికి పోతాయి. మామూలుగా ఇది కొత్త చేపతో వస్తుంది. బహుశా చెరువు నుంచి తెచ్చిన రవ్వ పిల్లలతో వచ్చి ఉంటుంది.

నీలం మందు అంటే మిథిలిన్ బ్లూ. బూజుకు, చేప గుడ్లకు అది బాగా పనికొస్తుంది. పేనుకు పనికిరాదు. పైగా హౌజు నీళ్లను శుభ్రం చేసే మంచి బ్యాక్టీరియా దానివల్ల చచ్చిపోతుంది. తక్కువ మోతాదు ఉప్పు కూడా పేనును చంపదు. చాలామంది ఉప్పు వేసి, పేను పోలేదేంటని ఇంకా ఇంకా వేస్తారు.

పేనుకు చేయాల్సింది ఇది. పెద్ద చేప అయితే చిన్న పట్టకారుతో ఒక్కొక్కటి లాగి తీసేయండి. తీసిన చోట పర్మాంగనేట్‌ను (క్రిములను చంపే ఊదారంగు రవ్వల మందు) నీళ్లలో పలచగా కలిపి దూదితో అద్దండి, మొప్పలకు, కళ్లకు తగలనీయకండి. అయితే అసలు పని హౌజులోనే ఉంది. ఆడ పేను చేపను వదిలి వెళ్లి రాళ్ల మీద, గోడల మీద, కర్రల మీద వరసలుగా గుడ్లు పెడుతుంది. మన వేడికి రెండు మూడు వారాల్లో అవి పగిలి పిల్లలు మళ్లీ చేపను వెతుక్కుంటాయి. చేపలను వేరే తొట్టిలోకి మార్చగలిగితే హౌజు మొత్తం ఖాళీ చేసి, గోడలు గట్టిగా రుద్ది, కొన్ని రోజులు ఎండలో బాగా ఎండనివ్వండి. మన ఎండ ఉన్నంత మంచి మందు ఇంకోటి లేదు. ఖాళీ చేయలేకపోతే వెదురు కర్రలు, చెక్క పలకలు నీళ్లలో నిలబెట్టండి. పేను వాటి మీద గుడ్లు పెడుతుంది. వారానికోసారి తీసి, గీకి, బాగా ఎండబెట్టి మళ్లీ పెట్టండి. ఇది చేపల రైతులు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పద్ధతి. ఓపిక కావాలి, ఖర్చు లేదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. మన దగ్గర ఇంటింటికీ పత్తి చేనుకు కొట్టే మందు డబ్బా ఉంటుంది. పేను అంటే పురుగే కదా, రెండు చుక్కలు వేస్తే పోతుంది అని ఎవరైనా చెప్తే దయచేసి వినకండి. పత్తికి కొట్టే పైరెత్రాయిడ్ మందులు చేపలకు విషం. పెద్ద చెరువుల్లో నిపుణులు ఎకరం లెక్కన, లోతు లెక్కన కొలిచి వాడే సంగతి వేరు. పెరట్లో హౌజుకు చుక్కల్లో కొలవడం అసాధ్యం. ఆ హౌజు దగ్గర పిల్లలు కూడా ఆడుకుంటారు.

కొలత అన్నాను కాబట్టి లెక్క చూద్దాం. ఏ మందు వేయాలన్నా ముందు హౌజులో ఎన్ని లీటర్లు ఉన్నాయో తెలియాలి. పొడవు, వెడల్పు, నీళ్ల లోతు అడుగుల్లో గుణించి, వచ్చినదాన్ని 28.3తో గుణించండి. తమ్ముడి హౌజు ఎనిమిది ఇంటూ ఆరు ఇంటూ రెండున్నర, 120. దాన్ని 28.3తో గుణిస్తే దాదాపు 3,400 లీటర్లు. పర్మాంగనేట్ లీటరుకు 2 మిల్లీగ్రాములు వేయాలంటే మొత్తం హౌజుకు ఏడు గ్రాములు కూడా పట్టదు. ఒక టీస్పూను గుండుగుత్తగా వేయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. గ్రాములు తూచే చిన్న కాటా కొనుక్కోండి. బకెట్ నీళ్లలో ఒక్క రవ్వ కూడా మిగలకుండా కరిగించి, పొద్దున పూట, గాలి పంపు నడుస్తుండగా హౌజంతా చల్లండి. నీళ్లు గులాబీ రంగులో ఉన్నంతసేపే అది పనిచేస్తుంది. గంటలోపే గోధుమరంగుకు తిరిగితే హౌజులో మురికి ఎక్కువ ఉందని, మందు చేపకంటే ముందు ఆ మురికికే ఖర్చయిందని అర్థం. అప్పుడు ఇంకో మోతాదు వేయకండి, అడుగు శుభ్రం చేయండి.

ఇప్పుడు ఉప్పు. తెల్లచుక్కల జబ్బుకు ఇది నిజంగా పనిచేస్తుంది. చలికాలం, డిసెంబరు జనవరిలో రెక్కల మీద, ఒంటి మీద ఉప్పు రవ్వల్లాగా తెల్లటి చుక్కలు వస్తాయి. ఒక్కో చుక్క కింద ఒక పరాన్నజీవి ఉంటుంది. చర్మం కింద ఉన్నప్పుడు దాన్ని ఏ ఉప్పూ అంటుకోదు. పెరిగి, రాలి అడుక్కు పోయి, అక్కడ వందల పిల్లలుగా విడిపోయి నీళ్లలో ఈదుతున్నప్పుడే చస్తుంది. అందుకే చుక్కలు మాయమయ్యాయని మూడో రోజే ఆపేస్తే వారంలో పదింతలు తిరిగొస్తాయి. లీటరుకు 3 గ్రాముల దొడ్డుప్పు, పది నుంచి పద్నాలుగు రోజులు. తామర, కలువ ఉన్న హౌజులో వేస్తే మొక్కలు దెబ్బతింటాయి. ఈ జబ్బులో ఒక్క చేపకు చుక్కలు కనిపించినా మిగతావాటికి కూడా అంటి ఉంటుంది, కాబట్టి మొక్కలను వేరే టబ్బులోకి తీసి హౌజుకే ఉప్పు వేయండి. తమ్ముడి హౌజు లెక్కకు పది కిలోల చిల్లర. ఒకేసారి కాకుండా ఒకటి రెండు రోజుల్లో మూడు భాగాలుగా కరిగించి పోయాలి. నీళ్లు ఎండకు ఆవిరైనా ఉప్పు ఎక్కడికీ పోదు, తగ్గిన నీళ్లు నింపేటప్పుడు మళ్లీ ఉప్పు కలపొద్దు. నీళ్లు తీసి పారబోసినప్పుడే, పోయినంత కొత్తగా కలపాలి.

ఇంకో చిన్న జాగ్రత్త. మగ గోల్డ్ ఫిష్‌కు జతకట్టే కాలంలో మొప్పల మూత మీద, ముందు రెక్కల అంచున తెల్లటి గింజలు వస్తాయి. అది జబ్బు కాదు, దానికి మందు అక్కర్లేదు.

కొర్రమట్టలు ఉన్నవాళ్లు చలికాలం ఒంటి మీద ఎర్రమచ్చ వచ్చి లోతైన పుండుగా మారడం గమనించండి. దీన్ని పుండ్ల వ్యాధి అంటారు. మన దేశంలో 1988లో బయటపడింది, కొర్రమట్టల మీద బాగా దెబ్బ కొట్టింది. నీళ్లు చల్లబడ్డప్పుడు బూజు జాతికి దగ్గరగా ఉండే ఒక సూక్ష్మజీవి చర్మంలోంచి కండలోకి పాకుతుంది. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ దీనికోసం సీఫాక్స్ అనే మందు తయారుచేసింది, అది చెరువులకు హెక్టారు లెక్కన వాడేది. చెరువులకు వేసినట్టు పెరటి హౌజులో సున్నం గుమ్మరించకండి. నీళ్ల పీహెచ్, అంటే క్షార గుణం, ఒక్కసారిగా పెరిగి, ఉన్న కాస్త అమ్మోనియా కూడా విషంగా మారుతుంది. పుండు పైపైన ఉంటే చేపను వేరుచేసి శుభ్రమైన నీళ్లలో ఉంచండి, నీళ్లు వెచ్చబడితే కొన్ని కోలుకుంటాయి. కండ లోపలిదాకా పోతే బతకడం కష్టం. ఒళ్లు ఉబ్బి పొలుసులన్నీ నిక్కబొడుచుకున్న చేప కూడా అంతే. చెప్పడానికి బాధగానే ఉంటుంది, కానీ ఆశపెట్టడం సరికాదు.

మీరు తినే చేపలు ఉన్న హౌజులో మలకైట్ గ్రీన్ అనే ఆకుపచ్చ మందు వాడనే వాడకండి. అది చేప మాంసంలో నిలిచిపోతుంది, క్యాన్సర్ కారకమని అనుమానం ఉన్న రసాయనం. రంగు చేపల కోసం షాపులో అమ్మే సీసా కూర చేపకు కాదు.

జబ్బు చేపను చంపడానికి మనసు రాక, కనీసం అక్కడైనా బతుకుతుందని చెరువులో వదిలేసేవాళ్లు ఉన్నారు. వడ్డేపల్లి చెరువైనా, మీ ఊరి కుంటైనా, అందులో మత్స్యకారుల సంఘాల చేపలు పెరుగుతుంటాయి. మీ ఒక్క కోయితో పోయిన పేను వాళ్ల ఏడాది కష్టాన్ని తినేస్తుంది. చచ్చిన చేపను కుక్కలు తవ్వలేనంత లోతుగా పాతిపెట్టండి.

ఇవన్నీ చూసినా ఏ జబ్బో తేలకపోతే జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో గానీ, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ అడగండి. వెళ్లేటప్పుడు జబ్బుతో బతికి ఉన్న చేపనే తీసుకెళ్లండి. చేప చచ్చి గంటలు గడిస్తే ఒంటి మీది పేను, పరాన్నజీవులు వదిలి పోతాయి, చూడటానికి ఏమీ మిగలదు. మందమైన సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతా అంతా గాలి ఉంచి కట్టి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు బయల్దేరండి. హౌజు నీళ్లు వేరే సీసాలో పట్టండి. ఇప్పటిదాకా ఏ మందు, ఎంత, ఏ రోజు వేశారో కాగితం మీద రాసి పట్టుకెళ్లండి.