విత్తన పత్తి చేలో కంపెనీ బాధ్యత

శ్రోతలకు నమస్కారం. పెద్ద కంపెనీల నియమావళి ఏది తిరగేసినా, బాలకార్మికులను పనిలో పెట్టుకోబోమన్న మాట కనిపిస్తుంది. ఫ్యాక్టరీ లోపల అది నిజమే కావచ్చు. మరి ఆ కంపెనీ పేరుతో అమ్ముడుపోయే సరుకు పండే చేను సంగతి? కర్నూలు, గద్వాల ప్రాంతాల్లో సాగయ్యే హైబ్రిడ్ పత్తి విత్తనాన్నే తీసుకుందాం.

మామూలు పత్తికి లేని పని దీనికి ఉంది. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే గుర్తించి రేకులు, పుప్పొడి తిత్తులు ఒలిచేస్తారు. తెల్లవారాక మగ మొక్క పువ్వు తెచ్చి ఆ ఒలిచిన మొగ్గ కొనకు రుద్దుతారు. ఇదే క్రాసింగ్. ప్రతి పువ్వుకూ చేత్తోనే చెయ్యాలి, నెలల తరబడి రోజూ చెయ్యాలి. అందుకే సాగు ఖర్చులో పెద్ద వాటా కూలిదే. చిన్న వేళ్లయితే మొగ్గ చెడదంటూ ఆడపిల్లల్ని దించారు. ఆ మాట నమ్మకండి. పెద్దవాళ్లు ఈ పని చక్కగా చేస్తారు. కాకపోతే కూలి ఎక్కువ అడుగుతారు. పైగా సీజనుకు ముందే తల్లిదండ్రులు అడ్వాన్సు తీసుకుంటే, మధ్యలో పిల్ల పని మానేందుకు వీలుండదు.

ఈ చేలల్లో బహుళజాతి కంపెనీల విత్తనమూ పండుతోందని 2003లో ఒక పరిశోధన నివేదిక బయటపెట్టింది. రైతులు మా ఉద్యోగులు కారు, మా ఒప్పందం ఆర్గనైజరుతోనే, అంటే రైతుకూ కంపెనీకీ మధ్య ఉండే దళారీతోనే అనడం ఇలాంటి చోట కంపెనీలకు అలవాటు. కానీ మూల విత్తనం ఇచ్చేది, కొనుగోలు ధర కట్టేది, నాణ్యత పరీక్షించేది కంపెనీయే. వ్యాపార సంబంధాల ద్వారా తన సరుకుతో ముడిపడ్డ హక్కుల ఉల్లంఘనను కూడా ఆపేందుకు, తగ్గించేందుకు కంపెనీ ప్రయత్నించాలని 2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన మార్గదర్శక సూత్రాలు చెబుతున్నాయి.

బేయర్ కంపెనీ 2005 నుంచి పిల్లల్ని పెట్టని రైతుకు కొనుగోలు ధర మీద 5 శాతం అదనంగా ఇచ్చింది, ఎక్కువ దిగుబడి తీసే శిక్షణా ఇచ్చింది. నా దృష్టిలో అసలు కీలకం ఇదే. పెద్దవాళ్ల కూలికి సరిపడా ధర కట్టకుండా పిల్లలు వద్దని సంతకం పెట్టించుకుంటే, ఆ కాగితం భారమంతా రైతు నెత్తిన పడుతుంది.

తనిఖీలు విఫలమయ్యేది ఎక్కువగా వేళ దగ్గరే. మధ్యాహ్నం జీపు వచ్చేసరికి క్రాసింగ్ అయిపోయి ఉంటుంది. ముందే ఫోను వెళితే చేలో పిల్లలే ఉండరు. అందుకే చెప్పకుండా, మొగ్గలు ఒలిచే సాయంత్రం ఒకసారి, క్రాసింగ్ జరిగే ఉదయం ఒకసారి వెళ్లాలి. సీజనులో ఒక్కసారి చూసి వదిలేయకూడదు. వయసు పదహారంటే ఆ మాటతో సరిపెట్టుకోకుండా బడి రిజిస్టరు చూడాలి. తనిఖీ చేసేది ఆర్గనైజరు మనిషి కాకూడదు.

పిల్ల దొరికింది కదా అని ఇంటికి పంపేస్తే మర్నాడు పక్క చేలో తేలుతుంది. అడ్వాన్సు బాకీ ఎవరు తీర్చాలో ముందే తేలాలి, ఆ కుటుంబంలో పెద్దవాళ్లకు అదే చేలో పని దొరకాలి, చదువు మధ్యలో ఆగిన పిల్లను మళ్లీ మామూలు బడికి సిద్ధం చేసే బ్రిడ్జి స్కూల్లో చేర్చాలి. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. మీ ఊరి చేలో కనబడితే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయండి, డబ్బు కట్టక్కర్లేదు.