పొట్టి ఫ్లై రాడ్‌తో దూరం వేయడం ఎలా?

(దృశ్యం: చంద్రగిరి దగ్గర ఓ చెరువు కట్ట. తుమ్మ కొమ్మలు నీళ్ల మీదికి వాలి ఉంటాయి.)

నమస్కారం. ఆ కొమ్మల కింద నీడ చూశారా? ఎండెక్కితే జిలేబీ చేపలు అక్కడికే చేరతాయి. ఫ్లై అంటే పురుగులా కట్టిన తేలికపాటి కొక్కెం. దాన్ని వేసే 9 అడుగుల ఫ్లై రాడ్‌తో అక్కడ దూరితే కొస కొమ్మల్లో తగులుకుంటుంది. అందుకే ఈ 6 అడుగుల రాడ్. అమెరికాకు చెందిన ఫ్లై గాలం నిపుణుడు లీ వుల్ఫ్ ఇంత పొట్టి రాడ్‌తోనే అట్లాంటిక్ సాల్మన్‌లను పట్టారు. కానీ మనవాళ్లు చాలామంది దీన్ని కొని, లైన్ (గాలం దారం) ముందుకు పోవట్లేదని మూలన పెట్టేస్తారు. పాపం, రాడ్‌లో లోపమేం లేదు.

మామూలు గాలంలో సీసం గుండు దారాన్ని లాక్కెళ్తుంది. ఫ్లైకి బరువుండదు, బరువంతా లైన్‌దే. ఆ లైన్‌ని నడిపేది రాడ్ కొస.

(తెర మీద: రెండు రాడ్లు, 60 డిగ్రీల కోణం.)

60 డిగ్రీలు తిప్పితే 9 అడుగుల రాడ్ కొస ఈ చివర నుంచి ఆ చివరికి 9 అడుగులు జరుగుతుంది. 6 అడుగుల రాడ్ కొస 6 అడుగులే. లైన్ వేగం అందుకోవడానికి 3 అడుగుల దారి తగ్గిపోయింది. ఇక్కడే టెన్షన్ పడి ఇంకా గట్టిగా విసురుతారు. అప్పుడు కొస వంపు తిరిగి కిందికి దిగుతుంది, గాల్లో లైన్ తిరిగే మడత, అంటే లూప్, పెద్దదై లైన్ మన ముందే కూలబడుతుంది.

తగ్గిన ఆ దారిని మీ చెయ్యి ఇవ్వాలి. మోచేతిని ఒంటికి అతికించుకోకండి. చేతిని చెవి వెనక్కి బాగా పోనిచ్చి, తిన్నగా ముందుకు తోయండి. మణికట్టు ఆఖర్న తిప్పి, టక్కున ఆపండి.

(దగ్గరగా: ఎడమ చెయ్యి.)

ఇది జాగ్రత్తగా చూడండి. వెనక్కి వేసేటప్పుడు మణికట్టు తిరిగే క్షణంలోనే ఎడమచేత్తో లైన్‌ని జానెడు కిందికి లాగాను. లైన్ వెనకాల విచ్చుకుంటుంటే, సడలనివ్వకుండా ఆ చేతిని మళ్లీ రాడ్ దగ్గరికి తెచ్చాను. ముందుకు వేసేటప్పుడు ఇంకోసారి లాగాను. ఇదే డబుల్ హాల్. పొట్టి రాడ్‌కి ఇది రాకపోతే దూరం రాదు, ముందు దీన్నే నేర్చుకోండి.

కట్ట వాలులో నిలబడితే వెనక నేల ఎత్తుగా ఉంటుంది, లైన్ గడ్డిలో చిక్కుకుంటుంది. పక్కకి తిరిగి కట్ట పొడవునా వేయండి.

రాడ్ మీద 4 అని ఉంటే నేను 5 నంబర్ లైన్ ఎక్కిస్తాను. ఆ నంబర్లు మొదటి 30 అడుగుల లైన్ బరువుని బట్టి ఇచ్చినవి. మనం ఇక్కడ వదిలేది 15, 20 అడుగులే, అందుకే బరువు చాలదు. లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి దారం, అంటే లీడర్, 6 అడుగులు చాలు.

తలకోన వైపు మాత్రం వద్దు, అది శ్రీవేంకటేశ్వర జాతీయ వనం. చెరువైతే చేపల వేలం పాడుకున్నాయన్ని ముందే అడగండి: "అన్నా, గాలం వేసుకోవచ్చా?"

ఫ్లై తలకి బాగా దగ్గరగా పోతుంది కాబట్టి టోపీ, కళ్లజోడు తప్పనిసరి. మొదట్లో కొక్కెం కట్టనే వద్దు. లీడర్ చివర ఉన్ని ముక్క కట్టి, ఖాళీ మైదానంలో ఎడమ చెయ్యి టైమింగ్ కుదిరేదాకా వేయండి.