వచ్చిన రీడింగే రాయండి
(ఆగస్టు 23, జాతీయ అంతరిక్ష దినోత్సవం రోజు విశాఖపట్నంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, కాలనీ అసోసియేషన్ వాళ్ళకి, ఇంత ఉక్కపోతలో కూడా వచ్చి కూర్చున్న తల్లులకి, ముందు వరసల్లో ఉన్న ఇంటర్ పిల్లలకి. పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు, ఏమీ అనుకోకండి, అది చదివితే నాకిచ్చిన టైములో సగం పోతుంది, ఆ టైము ఈ పిల్లలకి కావాలి. శాలువా కూడా చివర్లో చూద్దామని చెప్పాను.

చంద్రయాన్-3 గురించి మాట్లాడమన్నారు. 2023 ఆగస్టు 23, సాయంత్రం 6 గంటల 4 నిమిషాలు. ఆ టైములో ఎక్కడున్నారో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేను మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉన్నాను, టీవీ కిందకి దించి వాచ్‌మన్ పిల్లలు, మూడో ఫ్లోర్ మామ్మగారు, అందరం కలిసి చూశాం. అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు చేతులు లేవలేదు, ఎందుకంటే నేను బొమ్మ చూడట్లేదు, స్క్రీన్ మీద అంకెలే చూస్తున్నాను, ఎత్తు ఎంత, అడ్డంగా పోయే స్పీడు ఎంత, కిందకి దిగే స్పీడు ఎంత, ఆ స్పీడులు రెండూ సున్నాకి వచ్చేదాకా ఊపిరాడలేదు. చంద్రయాన్-2 దిగాల్సిన 2019 సెప్టెంబర్ 7 అర్ధరాత్రి కూడా అలాగే అంకెలు చూస్తూ కూర్చున్నాను కదా మరి. ఆ రాత్రి గీసిన దారి మీద రావలసిన చుక్క పక్కకి జరగడం, తర్వాత అంకెలు ఆగిపోవడం, కంట్రోల్ రూమ్‌లో అందరూ మాటల్లేకుండా నిలబడిపోవడం, అదంతా కళ్ళముందే ఉంది.

చంద్రుడి మీద దిగడంలో కష్టమేంటో ముందు చెప్తాను, ఇది అర్థం కాకపోతే మిగతాది అర్థం కాదు. విక్రమ్, అంటే చంద్రయాన్-3లో కిందకి దిగే ల్యాండర్, దిగడం మొదలుపెట్టినప్పుడు 30 కిలోమీటర్ల ఎత్తులో ఉంది, అంటే సుమారుగా ఇక్కణ్ణుంచి భీమిలి ఎంత దూరమో అంత. స్పీడు సెకనుకి 1.68 కిలోమీటర్లు, అంటే ఆ భీమిలి దూరాన్ని 18 సెకన్లలో దాటేసే స్పీడు. అక్కడ గాలి లేదు కాబట్టి పారాచూట్ పనిచెయ్యదు. ఇంజన్లు వెలిగించి ఎదురు తోపుతోనే ఆ స్పీడంతా చంపుకోవాలి, సుమారు 19 నిమిషాల్లో. బెంగళూరు నుంచి ఎవరో కూర్చుని నడిపించడం కాదు, మన మాట అక్కడికి చేరడానికే సెకను పైన పడుతుంది, మళ్ళీ జవాబు రావాలి. అందుకని ఎంత ఎత్తులో ఉన్నాను, ఎంత స్పీడులో ఉన్నాను అని అదే కొలుచుకోవాలి, అదే నమ్మాలి, అదే దిగాలి. కొలత తప్పైతే ఇంకేమీ చెయ్యలేం.

కొలత అంటే నాకు మా నాన్న గుర్తొస్తాడు. మాది పెద జాలారిపేట. మా నాన్న వేటకెళ్ళే మనిషి, తాడుకి సీసం గుండు కట్టి నీళ్ళలోకి వదిలి లోతు ఎన్ని బారలుందో చూసేవాడు. సెలవుల్లో నన్ను కూడా తీసుకెళ్ళేవాడు, గుండు వదలడం, బారలు లెక్కపెట్టి చెప్పడం నా పని. ఒకరోజు పొద్దున్నే నిద్రమత్తులో గుండు సరిగ్గా అడుగు తగిలిందో లేదో చూడకుండా, ముందు రోజు ఎనిమిదొచ్చింది కదా అని ఎనిమిది అనేశాను. నిజానికి ఆరే ఉంది. వల రాళ్ళకి పట్టేసి చిరిగిపోయింది, ఆ వల అప్పు చేసి కొన్నది. కొడతాడేమో అనుకున్నాను, కొట్టలేదు, చిరిగిన వల లాక్కుంటూ ఒక్కటే అడిగాడు. "తాడు సూసి సెప్పావా, నా మొకం సూసి సెప్పావా?"

నేను ముఖం చూసే చెప్పాను. ఎనిమిది అంటే ఆయన సంతోషిస్తాడని.

ఇప్పుడు పిల్లలూ, మీరు కాస్త ముందుకి జరగండి, ఇది మీకోసం. నేను ఇంటర్ సెకండియర్‌లో ఉండగా ఫిజిక్స్ ప్రాక్టికల్ పరీక్షలో లఘులోలకం వచ్చింది. దారానికి బాబ్, అంటే చిన్న గుండు, కట్టి ఊపి, 20 డోలనాలకి, అంటే అటూ ఇటూ 20 సార్లు ఊగడానికి, ఎంత టైము పట్టిందో చూసి, భూమి గురుత్వాకర్షణ జీ విలువ కనుక్కోవాలి. రావలసింది సెంటీమీటర్లలో 981 దగ్గర. నాకు దారం 48 సెంటీమీటర్లు పెడితే 941 వచ్చింది. 73 పెడితే 955. 98 పెడితే 961. రెండోసారి కూడా ఊపి చూశాను, అవే వచ్చాయి. నాన్న మాట గుర్తుంది కాబట్టి అవే రాశాను. నా పక్కనున్న అబ్బాయి దారం రెండు సార్లు ఊపి పక్కన పెట్టేసి, 981 నుంచి వెనక్కి లెక్క కట్టి టైములన్నీ చక్కగా రాసేశాడు. బయటి నుంచి పరీక్ష చెయ్యడానికి ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన ఆయన నా పేపర్ మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి, జీ విలువ కూడా తెలియకుండా పరీక్షకి ఎలా వచ్చావు అన్నారు. సగానికి పైగా మార్కులు పోయాయి. ఆ పక్క అబ్బాయికి మొత్తం వచ్చాయి. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, ఎలా బతకాలో వాడికి ఎవరో అలాగే నేర్పారు.

ఇది జరిగి నలభై ఏళ్ళు దాటింది. నేనూ లెక్చరర్ అయ్యాక ఒకరోజు పాత పెట్టె సర్దుతుంటే ఆ లెక్కలు రాసుకున్న నోట్సు దొరికింది. 941, 955, 961. పక్కపక్కన పెట్టి చూశాను. దారం పొడుగయ్యేకొద్దీ విలువ సరైన దాని దగ్గరికి వస్తోంది. అంటే ఏదో ఒక చిన్న పొడుగు నేను ప్రతిసారీ వదిలేస్తున్నాను, దారం చిన్నదైతే ఆ తప్పు ఎక్కువ కనపడుతోంది, పెద్దదైతే తక్కువ. కూర్చుని లెక్క కడితే సరిగ్గా 2 సెంటీమీటర్లు తేలింది. బాబ్ వ్యాసార్ధం ఒకటి, కొక్కెం ఒకటి. నేను దారం చివరిదాకానే కొలిచాను, బాబ్ మధ్యదాకా కొలవాలి. అంతే!

ఆ రోజు పరీక్ష హాల్లో ఆ మూడు అంకెలు ఎవరైనా కళ్ళు పెట్టి చూసుంటే ఐదు నిమిషాల్లో తప్పెక్కడో దొరికేది, ఎందుకంటే అది నా రీడింగుల్లోనే ఉంది, నిజం రాశాను కాబట్టి ఉంది. ఆ పక్క అబ్బాయి పేపర్‌లో వెతికితే ఏమీ దొరకదు. అందులో తప్పు లేదు, ప్రయోగమూ లేదు.

మళ్ళీ చంద్రుడి దగ్గరికి వస్తున్నాను, దారి తప్పాననుకోకండి. 2019లో దిగుతూ దిగుతూ, 2.1 కిలోమీటర్ల ఎత్తు దాకా అంతా బాగానే ఉందని ఇస్రో చెప్పింది, తర్వాత సిగ్నల్ పోయింది. అక్కడితో వాళ్ళు ఏదో ఒకటి చెప్పి ఫైల్ కట్టేసి ఉండొచ్చు కదా? ఆగిపోయేదాకా వచ్చిన ప్రతి రీడింగూ ముందేసుకుని కూర్చున్నారు. 2023లో ప్రయోగానికి కొద్ది రోజుల ముందు అప్పటి ఛైర్మన్ సోమనాథ్ గారు అందరి ముందూ ఏం తప్పు జరిగిందో చెప్పారు. ఐదు ఇంజన్లూ అనుకున్నదానికంటే ఎక్కువ తోపు ఇచ్చాయి, ఫోటోలు తియ్యడానికి కదలకుండా ఉండాల్సిన టైములో ఆ తేడాలు పోగుపడ్డాయి, తర్వాత సరిచేసుకోడానికి ల్యాండర్ చాలా వేగంగా తిరగాల్సి వచ్చింది, అంత వేగంగా తిరగడానికి దానికి పెట్టిన హద్దు ఒప్పుకోలేదు, పైగా దిగాల్సిన చోటు 500 మీటర్లకి 500 మీటర్లు, ఇరుకు. చూశారా, ఎవరి మీదా నెట్టెయ్యలేదు, గాచారం అనలేదు, అంకెలు చెప్పారు.

ఆ అంకెల్లోంచే చంద్రయాన్-3 పుట్టింది. దిగే చోటు 4 కిలోమీటర్లకి 2.4 కిలోమీటర్లు చేశారు. మధ్యలో ఉండే ఐదో ఇంజన్ తీసేశారు. కాళ్ళు గట్టి చేశారు, సెకనుకి 3 మీటర్ల స్పీడుతో తగిలినా తట్టుకునేలా. ఇంధనం పెంచారు. లేజర్‌తో స్పీడు కొలిచే కొత్త పరికరం పెట్టారు, అది చూసినప్పుడు నాకు మా నాన్న గుండు తాడే గుర్తొచ్చింది, ఎలా దిగుతున్నామో ఇంకో విధంగా కూడా కొలుచుకోవడమే కదా. ఏది ఫెయిలైతే ఎలా అని ముందే లిస్టు రాసుకుని దానికి తగ్గట్టు డిజైన్ చేశాం అని సోమనాథ్ గారే అన్నారు. కిందపడిన చంద్రయాన్-2లో ఆర్బిటర్ మాత్రం పైన తిరుగుతూనే ఉంది, దిగే చోటు వెతకడానికి దాని ఫోటోలే పనికొచ్చాయి.

దిగిన తర్వాత ప్రజ్ఞాన్, 26 కిలోల బండి, ఆరు చక్రాలు, సెకనుకి ఒక సెంటీమీటర్ నడక, చీమ ఇంకా స్పీడుగా పోతుంది. ఒకచోట 3 మీటర్ల ముందు 4 మీటర్ల గొయ్యి కనపడితే వెనక్కి తిప్పి వేరే దారిలో తీసుకెళ్ళారు. మొత్తం 100 మీటర్లు దాటింది. మట్టిలో సల్ఫర్ ఉందని తేల్చింది. విక్రమ్ నేలలోకి ఒక గొట్టం దింపి వేడి చూసింది, పైన 50 డిగ్రీలు పైమాట, 8 సెంటీమీటర్ల లోతుకి వెళ్ళేసరికి మైనస్ 10 దగ్గర. నా జానెడు కూడా లేని లోతులో అంత తేడా! నాకు ఇంకా నచ్చినది ఇంకోటుంది. ఆగస్టు 26న నేల కదలికలు కొలిచే పరికరంలో ఏదో కదలిక పడింది. భూకంపం లాంటిది దొరికింది అని ఎగిరి గంతేసి చెప్పొచ్చు. వాళ్ళేం రాశారు? సహజంగా వచ్చినదిలా కనపడుతోంది, ఎక్కణ్ణుంచి వచ్చిందో పరిశీలిస్తున్నాం అని రాశారు. అంతే రాశారు. సెప్టెంబర్ 22న, చంద్రుడి మీద రాత్రి గడిచాక విక్రమ్‌నీ ప్రజ్ఞాన్‌నీ నిద్రలేపడానికి చూశాం, సిగ్నల్ రాలేదు అని కూడా అలాగే చెప్పారు.

అమ్మా, అయ్యా, ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను, ఈ హాల్లో లెక్చరర్లు కూడా ఉన్నారు, నా తోటి వాళ్ళే. నేను రిటైరయ్యేదాకా ప్రతి ఏడాదీ చూశాను, పిల్లలు రికార్డులు ఒకళ్ళది చూసి ఒకళ్ళు దింపేస్తారు, ల్యాబ్‌లో సామాను మీద దుమ్ము అలాగే ఉంటుంది, గోడ మీద రావలసిన విలువలు రాసి పెట్టి ఉంటాయి. 981 రాస్తే మార్కులు, 941 రాస్తే కోత. ర్యాంకుల తొందరలో ప్రాక్టికల్ అంటే ఒక తంతు అయిపోయింది. పిల్లవాడికి పదహారేళ్ళ వయసులో మనం నేర్పుతున్నది ముఖం చూసి రీడింగ్ చెప్పమని. వీడు రేపు ఇంజనీరై ఫ్లైఓవర్ కింద కాంక్రీటు టెస్టు చేస్తాడు, ఆస్పత్రి ల్యాబ్‌లో మీ రక్తం పరీక్ష చేస్తాడు, వాళ్ళలో ఒకళ్ళు ఇస్రోలో కూర్చుని ఇంజన్ తోపు కొలుస్తారు. అప్పుడు వాడు ఏం రాస్తాడు? చెప్పండి, ఏం రాస్తాడు?

దండం పెట్టి అడుగుతున్నాను సార్, ఈ ఏడాది మీ ల్యాబ్‌లో ఒక్క ప్రయోగమైనా, వచ్చిన విలువ తప్పైనా సరే, ఎందుకు తప్పొచ్చిందో రాసిన పిల్లకి పూర్తి మార్కులివ్వండి. తల్లిదండ్రులూ, ఎన్ని వచ్చాయి అని అడిగే ముందు ఎలా కొలిచావు అని ఒకసారి అడగండి.

ఇంక చాలు, మాట్లాడింది ఎక్కువైంది, సెక్రటరీ గారు వాచీ చూస్తున్నారు. పది నిమిషాలు ఇంకా కావాలి సార్, ఇదిగో సంచిలో దారం, నట్టు, స్కేలు తెచ్చుకున్నాను. ఆ ఫ్యాను కొక్కేనికి కాదు, పక్కనున్న ఖాళీ కొక్కేనికి కడదాం, ఎవరైనా కుర్చీ పట్టుకోండి. ఇదే లోలకం చంద్రుడి మీద ఊపితే ఒక్కో డోలనానికి దాదాపు రెండున్నర రెట్లు టైము పడుతుంది, అక్కడ లాగే బలం ఆరో వంతే కదా. ఇక్కడ ఎంత పడుతుందో మీరే చూడాలి. పొడుగు నేను చెప్పను. నీలం చొక్కా బాబూ, నువ్వు రా, పై నుంచి నట్టు మధ్యదాకా కొలువు, మధ్యదాకా. మిగతా వాళ్ళు ఫోన్లలో స్టాప్‌వాచ్ తియ్యండి. 20 డోలనాలు. ఎవరికి ఎంతొస్తే అంత, పక్కన వాళ్ళది చూడొద్దు, నా ముఖం కూడా చూడొద్దు, నట్టుని చూడండి.

వదులుతున్నాను.