సాయంత్రం ఐదు గంటల మెట్టు
(గణిత దినోత్సవం రోజున ఒక డిగ్రీ కళాశాలలో చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్ మేడమ్ గారికి, ముందు వరుసలో కూర్చున్న నా పాత కొలీగ్స్‌కి, నన్ను బస్టాండ్ నుంచి స్కూటీ మీద తీసుకొచ్చిన అబ్బాయికి నమస్కారం. శాలువా ముందే కప్పేశారు. ఇక నేనెలా మాట్లాడినా వెనక్కి తీసుకోరు కాబట్టి ధైర్యంగా మొదలుపెడుతున్నాను.

ఇవాళ డిసెంబర్ 22, రామానుజన్ పుట్టినరోజు. ఆయన గురించి ఇప్పటికే ముగ్గురు చెప్పారు, నేను చెప్పను. ఆహ్వాన పత్రంలో నా టాపిక్ ‘భిన్న ఆర్డర్ అవకలన సమీకరణాలు: ప్రారంభ విలువ సమస్యల సాధన’ అని వేశారు. పేరు పలికేసరికే సగం టైమ్ అయిపోతుంది. ప్రారంభ విలువ సమస్య అంటే మొదటి విలువ ఇస్తే తరవాతవి కనుక్కోవడం, అంతే. ఒక రాశి ఎంత వేగంగా మారుతోందో చెప్పేదాన్ని పుస్తకంలో అవకలజం అంటారు, నేను మాత్రం డెరివేటివ్ అనే అంటాను. ముప్ఫై ఏళ్ళ అలవాటు.

ఈ సబ్జెక్టులో ఏ పేపర్ తీసినా 1695 సెప్టెంబర్ 30న, కాలిక్యులస్ కనిపెట్టినవాళ్ళలో ఒకడైన లైబ్నిజ్ తోటి గణితవేత్త లోపితాల్‌కి రాసిన ఉత్తరంతోనే మొదలవుతుంది. ఒకసారి చేస్తే మొదటి డెరివేటివ్, రెండుసార్లు చేస్తే రెండోది, ఎన్నిసార్లన్నదే ఆర్డర్. మరి అరసారి చేస్తే, అంటే ఆర్డర్ భిన్నమైతే? ఇది పైకి వైరుధ్యంలా ఉన్నా ఏదో ఒకనాడు దీన్నుంచి పనికొచ్చే విషయాలు బయటపడతాయని లైబ్నిజ్ అన్నాడు. 1819లో ఫ్రెంచి గణితవేత్త లక్రువా ఎక్స్‌కి అర డెరివేటివ్ కట్టి చూపించాడు. ఎక్స్‌ని పైతో భాగించి, వర్గమూలం తీసి, రెట్టింపు చేస్తే అదే జవాబు. దానికి మళ్ళీ అర డెరివేటివ్ తీస్తే 1 వస్తుంది. ఫాక్టోరియల్‌ని భిన్నాలకి కూడా విస్తరించే గామా ఫంక్షన్ తెలిసినవాళ్ళు ఇంటికెళ్ళి చేసి చూడండి. చరిత్ర ఇంతటితో చాలు, నేను చెప్పాలని వచ్చింది వేరే.

1991లో నేను పరిశోధన చేస్తున్నాను. మా ల్యాబ్‌లో ఒకటే పీసీ, దానికి లెక్కల వేగం పెంచే మ్యాథ్స్ కోప్రాసెసర్ చిప్పు కూడా లేదు. పొద్దున ఎనిమిదికి తాళం తీస్తారు, సాయంత్రం ఐదుకి అటెండర్ మెయిన్ ఆపేస్తాడు. బతిమాలినా లాభం లేదు. ఒక పదార్థం తీరుని చెప్పే భిన్న ఆర్డర్ సమీకరణాన్ని సాధించే నా ప్రోగ్రామ్‌కి ఒక రోజు చాలదు. అందుకని నేనొక తెలివైన పని చేశాను. ఐదుకి పది నిమిషాల ముందు స్క్రీన్ మీదున్న ఆఖరి విలువని నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. మర్నాడు దాన్నే ప్రారంభ విలువగా ఇచ్చి మళ్ళీ నడిపించేవాణ్ణి. మామూలు సమీకరణాలకి అందరూ చేసేది అదేగా! మూడు రోజుల్లో పని పూర్తయింది. ఇంకో వింత, ప్రోగ్రామ్ పొద్దున చకచకా పరిగెత్తేది, సాయంత్రానికి ఎడ్లబండిలా నడిచేది. మర్నాడు పొద్దున మళ్ళీ చకచకా. మిషన్ వేడెక్కుతోందనుకున్నాను. ఎందుకని ఒక్కసారైనా అడగలేదు చూడండి, అక్కడే ఉంది నా తప్పంతా.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో గ్రాఫ్ తీశాను. నున్నగా దిగుతున్న గీతలో రెండు చోట్ల నిట్టనిలువునా మెట్టు. పదార్థం లోపల నిర్మాణం మారుతోందని, అందుకే ఆ మెట్లు వచ్చాయని రెండు పేజీల వ్యాఖ్యానం రాసి మా గైడు గారికి ఇచ్చాను. ఆయన స్కేలు తీసి మెట్ల మధ్య దూరం కొలిచారు. కళ్ళజోడు పైకి నెట్టి, “ఏమయ్యా, మీ ల్యాబ్ ఎన్నింటికి మూస్తారు?” అని అడిగారు. “ఐదింటికండీ” అన్నాను. “మరి నీ పదార్థానికి కూడా ఐదింటికే డ్యూటీ అయిపోతోందే!” అన్నారు. నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ రాత్రి అన్నం తినలేదు.

కాలిక్యులేటర్ ఉన్నవాళ్ళు ఫోన్లు తీయండి. మేడమ్ గారూ, రెండు నిమిషాలు అనుమతివ్వండి. ఎంత ఉంటే అంత వేగంతో తగ్గే రాశిని తీసుకుందాం, మొదట దాని విలువ 1. మామూలు డెరివేటివ్ అయితే ఒక సెకనుకి 0.368, రెండు సెకన్లకి 0.135. ఒక సెకను దగ్గర ఆపి, 0.368తో మళ్ళీ మొదలుపెడితే? 0.368ని దాంతోనే గుణించండి, అదే 0.135 వస్తుంది. ఇప్పుడు అర డెరివేటివ్. ఇక్కడ 0.368 ఇచ్చిన ఎక్స్‌పొనెన్షియల్ ఫంక్షన్ స్థానంలో మిట్టాగ్-లెఫ్లర్ అనే ఇంకో ఫంక్షన్ వస్తుంది. ఒక సెకనుకి 0.428, రెండు సెకన్లకి 0.336. ఒక సెకను దగ్గర ఆపి మళ్ళీ మొదలుపెడితే ఎంతొచ్చింది? వెనక బెంచీ అమ్మాయి చెప్పింది, 0.183. దాదాపు సగానికి పడిపోయింది! నా మెట్టు అదే.

ఎందుకలా? ఈ సమీకరణాన్ని సమాకలన రూపంలో, అంటే చిన్నచిన్న ముక్కలు కూడే రూపంలో రాస్తే, ప్రారంభ విలువకి ఇప్పటిదాకా ప్రతి క్షణం జరిగిన మార్పును ఒక బరువుతో గుణించి కలపాలని వస్తుంది. మామూలు సమీకరణంలో అన్ని క్షణాలకీ బరువు ఒకటే. అందుకే నిన్నటి మొత్తం అలాగే ఉంచి ఇవాళ్టిది కలుపుకుంటే చాలు, కిరాణా కొట్టు ఖాతాలాగా. భిన్న ఆర్డర్ అయితే కొట్టువాడికి కష్టాలే. పద్దు పాతబడేకొద్దీ బరువు తగ్గుతుంది. అర డెరివేటివ్‌లో వంద రెట్లు పాతదైతే బరువు పదో వంతు అవుతుంది, సున్నా మాత్రం ఎప్పటికీ కాదు. రోజూ అన్ని పద్దుల బరువులూ మారతాయి, రోజూ మొదటి పేజీ నుంచి కూడుకుంటూ రావాలి. కాలాన్ని ముక్కలు చేసి నాలుగు వేల అడుగులు వేస్తే మొత్తం 80 లక్షల కూడికలు. సాయంత్రానికి ఎడ్లబండి ఎందుకైందో ఇప్పుడు తెలిసిందా? నేను రోజూ పొద్దున ఖాతా పుస్తకం చింపేసి, ఆఖరి అంకె ఒక్కటి పట్టుకుని కొట్టు తెరుస్తున్నాను. అందుకే అంత హుషారు.

ఇలా గతాన్ని గుర్తుపెట్టుకునే పదార్థాలు ఎక్కడో లేవు. చపాతీ పిండి నొక్కి వదలండి. స్ప్రింగులా పూర్తిగా లేవదు, తేనెలా పూర్తిగా జారిపోదు. స్ప్రింగుకి ఆర్డర్ సున్నా, తేనెకి ఒకటి, పిండి ఆ రెండింటి మధ్య. ఇంగ్లండులో స్కాట్ బ్లెయిర్ అనే శాస్త్రవేత్త పాల పరిశోధన సంస్థలో చీజ్ గట్టితనం కొలుస్తూ సరిగ్గా ఈ భిన్న ఆర్డర్ దగ్గరికే వచ్చాడు. మా ఆవిడ ముద్ద నొక్కి చూసి “ఇంకో పావుగంట నాననివ్వాలి” అంటుంది. పిండికి గుర్తుంటుందని ఆవిడకి ఎవరూ సమీకరణం రాసి చెప్పలేదు.

చీటీ వచ్చింది, పది నిమిషాలట. సరే.

భిన్న డెరివేటివ్‌కి రీమన్, లియోవిల్ పేరున్న పాత నిర్వచనంలో స్థిరాంకానికి, అంటే అసలు మారని విలువకి, డెరివేటివ్ సున్నా కాదు. పైగా ప్రారంభ షరతుని భిన్న సమాకలనం విలువగా ఇవ్వాలి, దాన్ని ల్యాబ్‌లో కొలిచి చెప్పడం కష్టం. 1967లో ఇటలీ భూభౌతిక శాస్త్రవేత్త మికేలే కపూటో వరస మార్చాడు. ముందు మామూలు డెరివేటివ్, తరవాత భిన్న సమాకలనం. స్థిరాంకానికి సున్నా వచ్చింది, సున్నా సమయంలో కొలిచిన విలువ ఇస్తే సరిపోయింది. ఎంత సౌకర్యం! ఆ సౌకర్యమే నన్ను ముంచింది. విలువ ఒక్కటి ఇస్తే చాలనిపిస్తుంది కదా. నిజానికి అక్కడ మనం ఇస్తున్నవి రెండు. ఒకటి ఆ విలువ, రెండోది “ఇంతకుముందు ఏమీ జరగలేదు” అనే హామీ. ఆ రెండోదాన్ని ఎవరూ రాయరు.

నా బాధ ఇక్కడే. రివ్యూకి వచ్చే పేపర్లు చూస్తుంటాను. పాత రోగవ్యాప్తి మోడల్ తీసుకుంటారు, డెరివేటివ్ ఆర్డర్ ఒకటి ఉన్నచోట ఆల్ఫా అనే భిన్నం పెడతారు, ఆల్ఫా 0.9కి ఒక రంగు, 0.8కి ఇంకో రంగు గీత గీస్తారు. అయిపోయింది, పేపర్! సమీకరణంలో ఎడమవైపు యూనిట్ రోజు పవర్ మైనస్ ఆల్ఫా, కుడివైపు రేటు ఇంకా రోజుకి ఇంత అనే ఉంటుంది. కిలోలని లీటర్లతో కూడినట్టు. అదైనా దిద్దుకోవచ్చు. మరి సున్నా రోజు ఏది? లెక్కలు రాయడం మొదలుపెట్టిన రోజు. రోగం అంతకు ముందే ఉంది కదా బాబూ! జ్ఞాపకం ఉన్న మోడల్ అని హెడ్డింగ్ పెట్టి, మొదటి రోజుకి ముందున్న జ్ఞాపకమంతా తుడిచేస్తే ఎలా? నేనిది రాసి పంపితే “రివ్యూయర్ గారి సూచనకు ధన్యవాదాలు” అని జవాబొస్తుంది, గీతల రంగులు మారుతాయి.

కోపం తెచ్చుకున్నాను, క్షమించండి. మంచి పని చేసినవాళ్ళూ ఉన్నారు, అందులో మనవాళ్ళూ ఉన్నారు. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి అమెరికాలో స్థిరపడిన వంగిపురం లక్ష్మీకాంతం గారు ఎనభై దాటిన వయసులో ఈ సబ్జెక్టు వైపు తిరిగారు. 2008లో మరో గణితవేత్త వత్సల గారితో కలిసి సాధన ఉంటుందా, ఎంతదాకా ఉంటుంది, అసమానతలు ఎలా నిలుస్తాయి అని పునాది దగ్గర్నుంచి పేర్చుకొచ్చారు. ఇప్పటి పిల్లలకి వేగంగా కూడే పద్ధతులున్నాయి, ఫోరియర్ పద్ధతితో ఆ 80 లక్షలు బాగా తగ్గించవచ్చు. తగ్గించండి, చింపకండి.

ఇక ఆ థీసిస్ సంగతి. గైడు గారు రెండు పేజీల వ్యాఖ్యానం కొట్టేసి, పాత విలువలన్నీ ఫ్లాపీలో దాచుకుని రోజూ పొద్దున మళ్ళీ ఎక్కించమన్నారు. మూడు రోజుల పని తొమ్మిది రోజులైంది. మెట్లు పోయాయి. పాత ప్రింటవుట్ మాత్రం పారెయ్యలేదు, ఇదిగో. అంచులకి చిల్లులు కూడా అలాగే ఉన్నాయి. ముందు బెంచీ నుంచి ఒక్కొక్కరే చూసి వెనక్కి పంపండి. రెండో మెట్టు దగ్గర మడత చిరిగింది, అక్కడ పట్టుకోకండి.