కారం ప్యాకెట్ మీద ఎవరి నంబరు?

వేదిక మీది పెద్దలకు, పొద్దున్నే బస్సెక్కి నల్గొండ వచ్చిన సంఘం అక్కలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలని ఉంది గానీ భోజనాల వేళ దగ్గర పడింది. ఏ బార్‌కోడ్ తీసుకోవాలో చెప్పమన్నారు. దుకాణంలో అమ్మే ప్యాకెట్‌కు ఈఏఎన్-13, అంటే పదమూడు అంకెల బార్‌కోడ్ తీసుకోండి. మన దేశంలో ఆ నంబర్లు ఇచ్చేది జీఎస్1 ఇండియా అనే సంస్థ. 890తో మొదలవుతాయి. అంశం అయిపోయింది. మిగతా టైమంతా ఒక మోసం గురించి చెబుతాను, ఏమనుకోవద్దు.

మిర్యాలగూడ వైపు ఒక సంఘం అక్కలు కారం పట్టించి, ప్యాకెట్లు కట్టి పట్నంలో ఒక సూపర్ మార్కెట్‌కు పంపారు. అంతకు ముందు ఎవడో ఫోన్ చేసి, తక్కువకే బార్‌కోడ్ ఇస్తా, జీవితాంతం రెన్యువల్ అక్కర్లేదు అన్నాడు. 890తోనే ఉంది కదా అని డబ్బు కట్టారు. కౌంటర్ దగ్గర పిల్లగాడు ప్యాకెట్ చూపించగానే స్కానర్ బీప్ మంది. స్క్రీన్ మీద మాత్రం అగరుబత్తీలు! మళ్లీ చూపించాడు. మళ్లీ అగరుబత్తీలే. సరుకంతా వెనక్కి వచ్చింది. కవర్ల మీది స్టిక్కర్లు గోళ్లతో గీకుతూ కూర్చున్న అక్కలను నేను చూశాను. వేరేవాళ్ల పట్టా భూమిని ఈ అక్కలకు అమ్మినట్టే కదా ఇది?

1974 జూన్ 26న అమెరికాలో, ఒహాయో రాష్ట్రం ట్రాయ్ ఊళ్లో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌ను మొదట స్కాన్ చేశారు. అప్పటి నుంచీ కౌంటర్ చేసే పని ఒక్కటే. నంబరు చదువుతుంది, దుకాణం కంప్యూటర్‌లో ఆ నంబరుకు ఏ పేరు, ఏ ధర ఎక్కించారో అదే చూపిస్తుంది. ఆ గీతల్లో ధర ఉండదు, మన కారం పేరూ ఉండదు.

మరి చివరిదైన పదమూడో అంకె ఉన్నదే నంబరు సరిగ్గా ఉందో లేదో చూడటానికి కదా, అది ఈ మోసాన్ని పట్టుకోదా అని అడుగుతారు. మొదటి పన్నెండు అంకెలు 890123456789 అనుకోండి. ఎడమ నుంచి ఒకటి, మూడు, ఐదు అలా బేసి స్థానాల్లోవి కూడితే 28. సరి స్థానాల్లోవి కూడితే 34, మూడుతో గుణిస్తే 102. మొత్తం 130. పదితో శేషం లేకుండా పోయింది కాబట్టి చివరి అంకె సున్నా. ఎక్కడైనా ఒక అంకె తప్పు పడితే ఈ లెక్క పట్టేస్తుంది. దొంగ నంబరును పట్టదు అక్కా! పరాయివాళ్ల నంబరుకు కూడా లెక్క సరిపోతుంది.

ఇంకొకటి. కారం కదా అని గీతలు ఎర్రగా వేయించొద్దు. స్కానర్ వెలుగు ఎరుపు, దానికి ఎర్ర గీత తెల్లగానే కనిపిస్తుంది. తెలుపు మీద నలుపే వేయించండి, గీతలకు రెండు పక్కలా ఖాళీ వదలండి. పావుకిలోకు ఒక నంబరు, అరకిలోకు ఇంకొకటి.

అధికారులకు ఒక విన్నపం. చిన్న సంఘానికి ఫీజు, ఏటేటా రెన్యువల్ భారమే. అందుకే ఆ ఫోన్ చేసినవాడి మాట తియ్యగా వినిపించింది. మండల సమాఖ్య పేరున ఒకే బ్రాండు పెట్టి, సమాఖ్యే నంబర్లు తీసుకునేలా చూడండి. మళ్లీ చెబుతున్నా, సమాఖ్యే తీసుకోవాలి.

ఇప్పటికే బార్‌కోడ్ కొన్నవాళ్లు చేతులెత్తండి. ఇంతమందా! ప్యాకెట్లు పట్టుకుని భోజనాల దగ్గరికి రండి, ఆ నంబర్లు ఎవరి పేరున ఉన్నాయో ఫోన్‌లో అక్కడే చూద్దాం.