రెండు ట్యాబులూ ఒకే వరుసలో: ఆర్‌వీ-10 తోక అమరికపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. సొంత గ్యారేజీలో కిట్ విమానం కట్టుకుంటున్నవారు ఈ సభలో చాలామంది ఉన్నారు కాబట్టి, విమానం ఎలా ఎగురుతుందన్న దగ్గర మొదలుపెట్టకుండా, నన్ను మూడు వారాంతాల పాటు తిప్పలు పెట్టిన ఒక చిన్న పని గురించే మాట్లాడతాను. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ అందించే నాలుగు సీట్ల ఆర్‌వీ-10 కిట్‌లో ట్రిమ్ ట్యాబులను సరిచూసుకోవడమే ఆ పని. విమానం ముక్కును ఎత్తి దించే తోక రెక్క ఎలివేటర్ అయితే, పైలట్ కంట్రోలును అదేపనిగా పట్టుకునే ఉండనవసరం లేకుండా దాన్ని కావలసిన చోట నిలిపేందుకు దాని వెనుక అంచున ఉండే చిన్న పలకే ట్రిమ్ ట్యాబ్.

అదే సంస్థ వారి ఆర్‌వీ-7లో ట్యాబ్ ఎడమ ఎలివేటర్‌కు మాత్రమే ఉంటుంది కనుక, దాన్ని పోల్చి చూసుకోవడానికి జత అంటూ లేదు. ఆర్‌వీ-10లో రెండు వైపులా ట్యాబులుంటాయి. ఒకే సర్వో మోటారు రెండు కేబుళ్ల ద్వారా వాటిని కదిలిస్తుంది. ట్యాబ్ వెనుక అంచు కిందికి దిగితే గాలి ఆ అంచును పైకి నెడుతుంది, ఎలివేటర్ పైకి లేస్తుంది, దానితో విమానం ముక్కు ఎత్తుతుంది. స్విచ్ వైర్లు తారుమారైతే ఇదంతా తిరగబడుతుంది కాబట్టి, కొలతల జోలికి వెళ్లకముందే స్విచ్ నొక్కి ట్యాబ్ ఎటు కదులుతోందో తోక దగ్గర నిలబడి కళ్లారా చూడాలి.

ఇక నేను చేసిన పొరపాటు చెబుతాను. ఎడమ ఎలివేటర్‌ను దాని ముందున్న కదలని తోక రెక్కతో, అంటే స్టెబిలైజర్‌తో, సమంగా ఉంచి క్లాంపు బిగించి, కుడిది దానంతట అదే సరిగా ఉంటుందనుకుని, రెండు ట్యాబుల మీదా డిజిటల్ లెవల్ పెట్టి కోణాలు చూశాను. తేడా కనిపించింది, కేబుల్ తిప్పాను, తేడా పోయింది. మరునాడు వెనక నుంచి చూస్తే కుడి ట్యాబ్ తన ఎలివేటర్ అంచుకన్నా స్పష్టంగా పైకి లేచి ఉంది. కుడి ఎలివేటర్ కొస కొద్దిగా కిందికి వాలి ఉండగా, ఆ వాలును నేను ట్యాబ్‌తో సరిదిద్దాను. రెండు ఎలివేటర్లనూ విడివిడిగా క్లాంపులతో నిలిపి, ట్యాబ్ పక్కనున్న ఎలివేటర్ రేకు మీద లెవల్‌ను సున్నా చేసి, ఆ తరువాతే దాన్ని ట్యాబ్ మీదికి జరపాలి. మనకు కావలసింది ట్యాబ్‌కూ దాని సొంత ఎలివేటర్‌కూ మధ్య ఉన్న కోణం. నేలతో దానికి సంబంధం లేదు.

ఎంత దగ్గరి వరకు సరిపెట్టగలమన్నది మన ఓపిక మీదకన్నా కేబుల్ చివరనున్న స్క్రూ మర మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అంగుళానికి 32 చుట్లున్న మరలో క్లీవిస్‌ను, అంటే కేబుల్‌ను ట్యాబ్ చేతికి కలిపే కొక్కేన్ని, ఒక పూర్తి చుట్టు తిప్పితే అది 0.8 మి.మీ. జరుగుతుంది, ట్యాబ్ చేయి పొడవు ఒక అంగుళం అనుకుంటే, కోణం దాదాపు 1.8 డిగ్రీలు మారుతుంది. క్లీవిస్‌ను అర చుట్టు చొప్పునే తిప్పి పెట్టగలం కాబట్టి 0.9 డిగ్రీల కన్నా సన్నని మెట్టు ఉండదు, మిగిలే తేడా అందులో సగం దాకా ఉండవచ్చు. ఆ మిగులు కోసం నాలా నిద్ర పాడు చేసుకోనవసరం లేదు. పైగా ట్యాబ్ చేతులు చాపంలా వంపుగా కదులుతాయి కనుక, మధ్యలో కలిసిన రెండు ట్యాబులు చివరి హద్దుల్లో కాస్త విడిపోవడం సహజమే. గంటల తరబడి విమానం క్రూజ్‌లోనే, అంటే ఒకే ఎత్తులో నిలకడగా సాగే ప్రయాణంలోనే, ఉంటుంది కాబట్టి అక్కడ కలిస్తే చాలునని నా అభిప్రాయం. హద్దుల దగ్గర రెండూ ఎక్కడా తగలకుండా, పట్టేయకుండా కదలాలి.

కోణం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది వదులు. ఎలివేటర్‌ను గట్టిగా పట్టుకుని ట్యాబ్ అంచును రెండు వేళ్లతో కదిపినప్పుడు అది లొడలొడమంటే, ట్యాబ్‌ను ఎలివేటర్‌కు కలిపే పొడవాటి పియానో హింజ్ పిన్నును, క్లీవిస్‌ను, అది తిరగకుండా బిగించే జామ్ నట్‌ను వరుసగా పరిశీలించాలి. 2011 సెప్టెంబరు 16న రీనో పందేల్లో కూలిన పీ-51 విమానంలో, అరిగిన లాక్‌నట్ల వల్ల ఎడమ ట్రిమ్ ట్యాబ్ మరలు వదులై, గాలి వేగానికి అదుపు లేకుండా కొట్టుకునే ఫ్లటర్ మొదలైందని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఆ ప్రమాదంలో పైలట్‌తో కలిపి 11 మంది చనిపోయారు. మన విమానాలు ఆ వేగానికి వెళ్లవు, కానీ ఒకసారి విప్పిన లాక్‌నట్‌ను తిరిగి వాడబోయిన ప్రతిసారీ నా చేయి ఆగుతుంది. రంగు వేయించాక హింజ్ సందు పూడుకుపోలేదని చూసి, ఎలివేటర్ తూకాన్ని మళ్లీ సరిచూడాలి. ఇరుసుకు వెనక చేరిన రంగు బరువు చిన్నదే అయినా లెక్కలోకి వస్తుంది.

చివరగా, నేల మీద మనం పెట్టిన సున్నా ఒక ఆరంభ స్థానం మాత్రమే. ఒంటరిగా ఎగిరినప్పుడు, వెనక ఇద్దరూ సామాను ఉన్నప్పుడు ట్రిమ్ ఒకే చోట నిలవదు. అందుకని పరీక్షా దశలో ప్రతి బరువుకూ క్రూజ్‌లో ట్రిమ్ సూచిక ఎక్కడ నిలిచిందో రాసుకుని, దిగాక సూచికను అక్కడికే తెచ్చి, ఎలివేటర్‌కు క్లాంపు బిగించి, రెండు ట్యాబుల కోణాలనూ మళ్లీ కొలిచాను. కుడివైపు అర చుట్టు విప్పవలసి వచ్చింది. ప్యానెల్ మీద టేకాఫ్ గుర్తు కోసం అంటించిన తెల్ల టేపును ఆ తరువాతే తీసి, అసలు స్టిక్కర్ వేశాను.